ఏడు పొడి మెట్లు

మొన్న చెరువు కట్ట మీద షామియానా వేశారు. ఎన్నో ఏండ్లు ఎండిపోయి, పశువులు మేసే బయలుగా మారిన మా ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు మళ్లీ నిండింది. నిండినందుకు సంతోషించాల్సింది పోయి ఊరు రెండుగా చీలింది. నీళ్లు ఎక్కడిదాకా ఉండనివ్వాలి, ఎక్కడ ఆపాలి అని అధికారులు జనాన్ని పిలిచి అడుగుతారని నా మనవడు రఘు ఒకరోజు ముందే చెప్పాడు. చెప్పి ఊరుకోలేదు. నా మంచం పక్కకు కుర్చీ లాక్కొని కూర్చొని, మందుల డబ్బా సర్ది, నాకు ఇష్టమని తెచ్చిన సీతాఫలం ఒలిచి చేతిలో పెట్టాడు. ఇంత మర్యాద చేస్తున్నాడంటే ఏదో పని ఉందని అనుకుంటూనే తిన్నాను. "నానమ్మా, నువ్వొక్క మాట చెప్తె సాలు. నీ చిన్నప్పుడు నీళ్లు మన ప్లాటు దాక ఎన్నడు రాలేదని చెప్పు. తొంభై ఏండ్ల మనిషి చెప్తె ఎవ్వరు కాదంటరు?" అన్నాడు. ఓపిక లేక చూద్దాంలే అన్నాను.

రఘు ప్లాటు ఉన్న చోటుకు ఇప్పుడు ఏదో పూలతోట పేరు పెట్టి గేటు కట్టారు. నా లెక్కలో అది మీదిపల్లె. చెరువుకు ఎగువన, నీళ్లు పరుచుకునే అంచున పాతిక ముప్పై గడపల పల్లె ఉండేది. మా అమ్మ పుట్టిన ఊరు అది. ఇప్పుడు ఆ పేరు ఏ కాగితంలోనూ లేదు, చెబితే అర్థం చేసుకునేవాళ్లు కూడా నలుగురైదుగురికి మించి ఉండరు. రఘు ప్లాటు సరిగ్గా మా మేనమామ జొన్న చేనులో పడింది. వాడికి ఆ సంగతి తెలియదు, నేనూ చెప్పలేదు. వాడు ఆ మాట అని వెళ్లిపోయినప్పటి నుంచి నా ముక్కులో కుళ్లిన జొన్నల వాసన. ఇల్లంతా సీతాఫలం వాసన ఉంటే నాకు మాత్రం ఆ వాసనే వస్తుంది. వయసు మీదపడితే ఇటువంటివి వస్తాయని డాక్టరు అనవచ్చు గానీ, ఇది వయసుది కాదు.

అవి నిజాం సర్కారు రోజులు. చెరువు సర్కారుది, కట్ట సర్కారుది, తూము సర్కారుది. కానీ ఆ సర్కారు ఏడాదికి ఒక్కసారి గిర్దావరు అనే శిస్తు అధికారి రూపంలో గుర్రం మీద వచ్చి, పటేలు ఇంట్లో కోడికూర తిని, కట్ట మీద అటూ ఇటూ నడిచి పోయేది. మిగిలిన ఏడాదంతా చెరువు మాదే. ఎన్ని మడులకు నీళ్లు వదలాలి, ఎవరి వంతు ఎప్పుడు, చెరువులో ఎంత నీరు నిలపాలి, అన్నీ ఊరివాళ్లు కట్ట మీద కూర్చొని తేల్చుకోవాల్సిందే. మా బాపుకు చెరువు కింద ఎనిమిది మడులు ఉండేవి. వానాకాలం పంట ఎలాగూ పండేది గానీ అది శిస్తుకూ అప్పులకూ పోయేది. చలికాలంలో వేసే యాసంగి పంట పండితేనే ఇంట్లో వరి అన్నం, లేకపోతే ఏడాది పొడుగునా జొన్నరొట్టె, గట్క. అందుకని మా ఇంట్లో మాట ఏది మొదలైనా చెరువు దగ్గరికే పోయి ఆగేది.

మా నాయనమ్మ ఆ మాటకు పెద్ద. తెల్లవారకముందే లేచి, వాకిట్లో పేడనీళ్ల చప్పుడు వినబడేదాకా కోడలి మీద సణిగి, ఆ తర్వాత గడప పక్కన గోడకు ఆనుకొని అడకత్తెరతో వక్కలు కత్తిరిస్తూ కూర్చునేది. ఆమె కూర్చున్న చోట గోడకు వీపంత నున్నని మరక ఉండేది. కొత్తబియ్యం వండిన రోజు మొదటి ముద్ద ముక్కు దగ్గర పెట్టుకొని, ఇది తూము పక్క మడి, ఇది చివరి మడి అని చెప్పేది. ఒక్కసారి కూడా తప్పు పోలేదని బాపు గొప్పగా చెప్పేవాడు. ఒకసారి తప్పు పోయింది, నేను చూశాను. కానీ ఆ ఇంట్లో ఆమె మాటకు ఎదురు చెప్పే అలవాటు ఎవరికీ లేదు. మా అమ్మకు అసలే లేదు. అమ్మ పొయ్యి ముందు తల వంచుకొని రొట్టెలు తట్టేది. పచ్చిపులుసులో ఉల్లిపాయ నలిపిన వాసన, పిడకల పొగ, ఆమె చీర కొంగు తడి, ఈ మూడూ కలిసిందే నాకు అమ్మ అంటే.

పెద్ద బట్టలు చాకలివాళ్లు తీసుకుపోయేవాళ్లు. రోజువారీవి మాత్రం అమ్మా నేనూ చెరువు దగ్గరికి మోసుకెళ్లేవాళ్లం. కట్ట మీది నుంచి తూము దగ్గరికి రాతి మెట్లు దిగుతాయి. కింది మెట్లు ఎప్పుడూ నీళ్లలోనే ఉంటాయి. పై మెట్లు పొడిగా ఉంటాయి. చెరువులో నీళ్లు ఎన్ని ఉన్నాయని అడిగితే మా ఊళ్లో ఎవరూ గజాల్లో చెప్పరు. పైనుంచి ఎన్ని మెట్లు పొడిగా ఉన్నాయో చెబుతారు. మునిగినవి కనబడవు గదా, కనబడేవే లెక్క. నీరటి ఎల్లయ్య, అంటే తూము ఎత్తి దించే మనిషి, పొద్దున్నే కట్ట మీద నిలబడి ఆ లెక్క అరిచి చెప్పి తన పనికి పోయేవాడు. మగవాళ్లు మెట్లను అట్లా లెక్కతో ఎరుగుదురు. మేం ఆడవాళ్లం ముఖాలతో ఎరుగుదుం. అంచు విరిగిన మెట్టు, మధ్యలో గుంటపడి నీళ్లు నిలిచే మెట్టు, ఎవరో ఎప్పుడో పులిజూదం గళ్లు చెక్కిన మెట్టు. పైనుంచి ఏడోది పగుళ్ల మెట్టు. అడ్డంగా రెండు పగుళ్లు ఉండి, బట్ట వేసి బాదితే చప్పుడు వేరుగా వచ్చేది. చలికాలమంతా నీటి అంచుకు ఆనుకొని ఉండేది ఆ మెట్టే, మా ఉతుకుడంతా దాని మీదే.

అది అట్లా నీటి అంచున ఉండటానికి ఒక కట్టుబాటు కారణం. నిండిన చెరువు నీళ్లు పొర్లిపోయే రాతి గోడను మేం మత్తడి అంటాం. వానలు తగ్గి మత్తడి దుంకడం ఆగిపోయే రోజుకు ఏటా తొమ్మిది మెట్లు పొడిగా ఉండేవి. అప్పుడు మత్తడి గోడ మీద తుంగ పరిచి, బంకమట్టితో రెండు జానల ఎత్తు కట్ట పోసేవాళ్లు. ఒక్కో మెట్టు ఒక జానెడు. ఆ తర్వాత పడే వానకు నీళ్లు ఇంకో రెండు మెట్లు ఎక్కి ఆగుతాయి. ఏడు మెట్లు పొడిగా మిగలాలి, అదే హద్దు. ఆ రెండు జానల నీళ్లతోనే మా యాసంగి పండేది. ఆ హద్దు దాటి నీళ్లు ఒక్క మెట్టు ఎక్కినా మీదిపల్లె చేలు మునుగుతాయి, ఎందుకంటే అక్కడ నేల పళ్లెంలా చదును. అందుకని మీదిపల్లె ఒప్పుకోకుండా మా ఊరు మత్తడి మీద పిడికెడు మన్ను పెట్టడానికి లేదు.

ఒప్పుకోవడం అంటే కాగితం కాదు. మీదిపల్లెలో పుట్టి మా ఊరికి కోడలుగా వచ్చిన ఆడబిడ్డ రెండు ఊళ్ల ముందు మొదటి మట్టిముద్ద పెట్టాలి. ఆమె చెయ్యి పెడితే ఆ ఏటికి రెండు ఊళ్లకూ మాట కుదిరినట్టే. ఆమెకు ఇక్కడ పొలం ఉంది, అక్కడ పుట్టిల్లు ఉంది, ఏ పక్కకూ ద్రోహం చేయదని పెద్దల ఆలోచన. ఆ ఆలోచన చేసినవాళ్లు మగవాళ్లు అయి ఉంటారు. రెండు పక్కలా నిలబెట్టిన మనిషికి నిలబడే చోటే ఉండదని వాళ్లకు తట్టలేదు. నాకు ఊహ తెలిసేనాటికే ఆ చెయ్యి మా అమ్మది. ఆ రోజు ఆమె తలస్నానం చేసి, గాజులు వెనక్కి తోసుకొని, పసుపు రాసిన చేతులతో మట్టిముద్ద ఎత్తుతుంటే నాకు ఎంత గర్వంగా ఉండేదో! ఇంట్లో ఎన్నడూ గొంతు వినబడని అమ్మ కోసం ఇంతమంది మగవాళ్లు నిలబడి ఎదురుచూసేవాళ్లు.

నేను చెప్పబోయే ఏడాదికి రెండేళ్ల ముందు అమ్మ ఒక మాట అన్నది. మట్టిముద్ద చేతిలో ఉండగా, "ఈసారి ఒక జానెడే కట్టుండ్రి. మా అన్న చేను ఇంక కోతకు రాలే" అన్నది. అడిగే హక్కు ఆమెకు ఉంది గనుక మావాళ్లు ఒక జానెడే కట్టారు. ఆ యాసంగి చివరి తడికి చెరువులో నీళ్లు చాలలేదు. మా ఇంటి తిండికి మిగిలే చివరి రెండు మడులు పొట్ట మీద ఎండిపోయాయి. అందుకు చేసిన అప్పు తీర్చడానికే మరుసటి యాసంగి ధాన్యమూ పోయింది. ఎండ ఎక్కువ కాసింది, కింద ఎవరో కాలువకు గండి కొట్టారు, కారణాలు చాలా ఉన్నాయి. కానీ మా ఇంట్లో ఒక్కటే కారణం మిగిలింది. విస్తరిలో రొట్టె పడ్డప్పుడల్లా నాయనమ్మ, "అన్నం యాడికెల్లి వస్తది? మా కోడలు వాళ్ల అన్నకు పెట్టివచ్చె" అనేది. వచ్చినవాళ్లకు చెప్పేది, పోయేవాళ్లకు చెప్పేది. బాపు వినీ విననట్టు చెయ్యి కడుక్కునేవాడు. రెండేళ్లు, పూటకు ఒకసారి. ఆ మాటల కింద అమ్మ ఎంత అరిగిపోయిందో అప్పుడు నాకు తెలియలేదు. తెలిసేటప్పటికి నాకూ ఒక అత్త ఉంది.

ఆ ఎండాకాలం సర్కారుకు మా చెరువు గుర్తుకొచ్చింది. కట్ట కుంగిందని జానెడు ఎత్తు మన్ను పోయించారు, మత్తడి గోడకు సున్నం పూయించారు. రాతిపని లాల్ మియాది. మా ఊరివాడే, పాటలు పాడుతూ పనిచేసే మనిషి. కట్ట ఎత్తు పెరిగింది గనుక మెట్లు కట్టకు అందలేదు. అందుకని అన్నిటికన్నా పైన ఒక కొత్త మెట్టు అమర్చి పోయాడు. వానలకు ముందే వేరే చెరువు పనికి మహేశ్వరం వైపు వెళ్లాడు. ఆ కొత్తరాయి తెల్లగా, అంచులు చేతికి గీసుకునేటట్టు ఉండేది. బట్టల మూట తల మీద పెట్టుకొని ఎక్కేటప్పుడు అలవాటు లేని ఆ చివరి మెట్టుకు నా కాలు తగిలి రెండుసార్లు బోర్లా పడ్డాను. అమ్మ మోకాలికి పసుపు అద్ది, "కండ్లు యాడ వెట్టినవ్?" అని తిట్టింది. ఇట్లా ఆ మెట్టు మా ఇద్దరికీ బాగా తెలుసు.

మత్తడి కట్టే రోజుకు ముందు సాయంత్రం అమ్మ రొట్టెలు చేస్తుంటే పక్కన కూర్చొని జొన్నపిండి జల్లిస్తున్నాను. నాకు అప్పుడు పదమూడేండ్లు. ఏమీ ఆలోచించకుండా, "అమ్మా, రేపు కొత్త మెట్టు గూడ లెక్కవెడ్తరా?" అని అడిగాను. రొట్టె తడుతున్న చెయ్యి ఆగింది. ఎంతసేపు ఆగిందంటే పెనం మీద ఉన్న రొట్టె మాడింది. నాయనమ్మ గడప దగ్గర నుంచి, "ఏం మాడుతున్నది?" అని అరిచింది. అమ్మ రొట్టె తీసి పక్కన పెట్టి, నా ముఖం చూడకుండా, "మగోళ్లకు తెల్వదా? నువ్వెవ్వలతోని అనకు" అన్నది. నేను అనలేదు.

మరునాడు రెండు ఊళ్లవాళ్లు వచ్చారు. మీదిపల్లె తరఫున మా మేనమామ, అమ్మకు అన్న, సత్తి మామ ముందు నిలబడ్డాడు. నేను పసుపు కుంకుమల పళ్లెం పట్టుకొని అమ్మ వెనకాల ఉన్నాను. ఎల్లయ్య మెట్ల మొదట్లో నిలబడి కర్రతో చూపిస్తూ లెక్కపెట్టాడు. "పది మెట్లు పొడిగున్నయ్ పటేలా!"

"పదెట్ల? ఏటేట తొమ్మిదే గద?" అన్నాడు పటేలు.

"లాల్ మియా చేసిన పని గిది," అన్నాడు బాపు. "సున్నం పూస్తనని గోడ గీకి గీకి జానెడు దించిండు. నీళ్లన్ని వొట్టిగ దుంకిపోయినయ్."

అందరికీ అదే నిజమనిపించింది. ఎవరికైనా అట్లాగే అనిపిస్తుంది. పైనుంచి లెక్కపెట్టడం తాతలనాటి అలవాటు. పైనే ఒకటి కొత్తగా పుడుతుందని ఎవరూ కలలో కూడా అనుకోరు. దగ్గర లేని మనిషి మీద తప్పు నెట్టడం కూడా తేలిక. నలుగురూ నాలుగు తిట్లు తిట్టి లాల్ మియా సంగతి ముగించారు. నా కళ్లు మాత్రం ఆ తెల్లరాయి మీదనే ఉన్నాయి. ఎండకు మెరుస్తూ అందరి కాళ్ల కిందనే ఉంది. దాని మీద నిలబడే లెక్కపెట్టాడు ఎల్లయ్య.

"అయితె మూడు జానలు కట్టుదాం," అన్నాడు పటేలు. "ఏడు పొడిగుంటె సాలు గద?"

సత్తి మామ ముఖం ముడుచుకున్నాడు. "మూడా? ఎన్నడన్న మూడు కట్టినమా?"

"మూడు కాదన్నా, ఏడు చూడు. ఏడుకు ఒప్పుకుంటవా లేదా?"

మామ కాసేపు నీళ్ల వైపు చూశాడు. తర్వాత అమ్మ వైపు చూశాడు. "ఏడుకైతె ఒప్పుకున్నదే. ఏం చెల్లె, చెయ్యి వెడ్తవా?"

అమ్మ చేతుల్లో మట్టిముద్ద ఉంది. దాని నుంచి నీళ్లు మోచేతుల దాకా కారుతున్నాయి. ఆమె మెట్ల వైపు చూడలేదు, మామ వైపు చూడలేదు. కట్ట మీద ఆడవాళ్ల మధ్య కూర్చున్న నాయనమ్మ వైపు ఒక్కసారి చూసింది. నాయనమ్మ అడకత్తెర చేతిలో ఆపి ఎదురుచూస్తోంది. అమ్మ వంగి ముద్ద పెట్టింది. డప్పు మోగింది. నేను పళ్లెం పట్టుకొని ఉన్నాను, నాకు నోరు ఉంది, ఊపిరి ఉంది. పై మెట్టు లెక్కలోకి రాదు అని ఒక్క మాట అంటే చాలు. అమ్మ అనకు అన్నది గనుక అనలేదని ఇన్నేండ్లూ నాకు నేను చెప్పుకున్నాను. నిజం అది కాదు. రెండేళ్లుగా ఆ ఇంట్లో అన్నం వాసన లేదు, నాకు అన్నం కావాలనిపించింది. సిగ్గుగా ఉన్నా రాస్తున్నాను.

పది పన్నెండు రోజులకు ముసురు పట్టి మూడు రోజులు వదలకుండా కురిసింది. నీళ్లు ఎక్కుతూ ఎక్కుతూ సరిగ్గా ఏడు మెట్లు మిగిల్చి ఆగాయి. మా ఊరు సంబరపడింది. నాలుగో రోజు అమ్మా నేనూ బట్టలు తీసుకుని పోతే పగుళ్ల మెట్టు లేదు. నీళ్ల కింద నుంచి ఆ రెండు పగుళ్లు కదులుతూ కనిపించాయి. అక్కడ ఇంకో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు ఉన్నారు. అందరూ ఒక మెట్టు పైకి జరిగి కూర్చున్నారు. ఎవరూ ఏమీ అనలేదు. ఒకామె, "ఈ మెట్టు మీద చప్పుడు మంచిగ లేదు" అని మాత్రం అన్నది. అమ్మ ఆ రోజు ఉతికిన బట్టలనే మళ్లీ ఉతికింది.

మీదిపల్లెలో జొన్నలను పాతరలో దాచేవాళ్లు. ఇంటి ముందు నిలువెత్తు గొయ్యి తవ్వి, చుట్టూ చొప్ప పరిచి, జొన్నలు పోసి పైన మన్నుతో మూసేస్తారు. తడి తగలకపోతే రెండేళ్లయినా చెడవు. నీళ్లు ఏనాడూ రాని చోటు చూసుకొనే తవ్వుతారు. ఈసారి చేనులోకి నీళ్లు కళ్ల ముందే వచ్చాయి, చేను పోయిందని ఏడ్చారు. పాతర సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. కింది నుంచి ఊట ఎక్కింది. ఇంట్లో గింజలు అయిపోయి పాతర తెరిచేనాటికి వాసన పల్లె అవతలి దాకా కొట్టిందట. అమ్మతో నేనూ వెళ్లాను. అమ్మమ్మ ఆ గొయ్యి పక్కన కూర్చొని నల్లబడిన గింజలను చేటలో పోసుకొని చెరుగుతోంది. ఒక్కటీ పనికిరాదని తెలిసి కూడా చెరుగుతోంది. మమ్మల్ని చూసి, "వచ్చినవా బిడ్డా, ఏమన్న తిన్నరా?" అని అడిగింది. ఆమె తిట్టి ఉంటే బాగుండేదని నాకు ఈ రోజుకీ అనిపిస్తుంది.

తర్వాత కొన్నాళ్లకు సత్తి మామ మా ఇంటికి వచ్చాడు. అమ్మ అన్నం పెట్టింది. ఆకలి మీద ఉన్నాడేమో, తలెత్తకుండా తిన్నాడు. రెండోసారి అడిగి వేయించుకున్నాడు. నాయనమ్మ కూడా ఏమీ అనలేదు. చెయ్యి కడుక్కుంటూ, అమ్మతో మెల్లగా, కోపం లేకుండా అన్నాడు. "మా తప్పే చెల్లె. నీ చెయ్యి చూసినం. నీ చెయ్యి చూసి నీళ్లు చూసుడు మర్సినం." తువ్వాలుతో మూతి తుడుచుకొని వెళ్లిపోయాడు. ఆ ఎండాకాలమే పెండ్లాం పిల్లలతో కోహెడలో వాళ్ల అత్తగారి ఊరికి కూలికి పోయాడు. అమ్మమ్మ మాత్రం కదలలేదు.

లాల్ మియా తిరిగి వచ్చేసరికి ఊరంతా అతణ్ణి తిడుతోంది. అతను తిట్లన్నీ విని, పటేలునూ బాపునూ పట్టుకొని కట్ట మీదికి తీసుకుపోయి, కొత్త మెట్టు మీద కాలు పెట్టి నిలబడ్డాడు. "జర చూడుండ్రి పటేలా. గీ రాయి నేను పెట్టిందే గద? నీళ్లు తగ్గలే, మెట్టు పెరిగింది." పటేలు వంగి ఆ రాయిని చేత్తో తడిమాడు. చివరికి పటేలు, "ఆడోళ్లు దినాం ఈడనే ఉంటరు. ఒక్కరన్న చెప్పొద్దా?" అన్నాడు. బాపు ఆ మాట ఇంటికి మోసుకొచ్చి అమ్మ ముఖంలోకి చూశాడు. అమ్మ పొయ్యిలో పుల్లలు సర్దింది. అతను ఏమీ అడగలేదు. అడిగితే జవాబు వస్తుందని భయపడి ఉంటాడు.

ఆ మరుసటి ఏడు మీదిపల్లెవాళ్లు మత్తడి దగ్గరికి రాలేదు. రాలేదు గనుక మావాళ్లు తమకు తోచినంత కట్టారు, వాళ్లు వచ్చి తెంచిపోయారు. మళ్లీ కట్టారు, మళ్లీ తెంచారు. కర్రలు లేచాయి. ఇంకో ఏడు సర్కారు జవాన్లు వచ్చి కాపలా ఉన్నారు. ఆ తర్వాత రాజ్యమే మారింది. ఆడబిడ్డ చెయ్యి పెట్టడం అనే ఆచారం అట్లా పోయింది. అది పోయిందని బాధపడినవాళ్లు కూడా లేరు. అమ్మ మాత్రం పోయే ముందు, జ్వరంలో కాదు, మంచిగా తెలివి ఉండగానే ఒకసారి నాతో అన్నది. "నాకెరుకే బిడ్డా." ఏమిటని నేను అడగలేదు. నాకూ ఎరుకే అని చెప్పి ఉంటే ఆమె బరువు కొంచెం తగ్గేదేమో. అది కూడా చెప్పలేదు. బతుకంతా బడిలో పిల్లలకు నోరు తెరిచి చెప్పండని పాఠాలు చెప్పాను, ఇంట్లో ఇదీ నా సంగతి.

మొన్న షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీలు, నీళ్ల సీసాలు, పక్క తెరకు వేలాడదీసిన రంగుల పటం. ఆ పటంలో చెరువు చుట్టూ ఒక ఎర్రగీత. గీత బయట ప్లాటు ఉన్నవాళ్లు ఒక పక్క, లోపల ఉన్నవాళ్లు ఒక పక్క కూర్చున్నారు. మైకు పట్టుకున్న ప్రతివాడూ తనకు ఎంత నష్టమో చెప్పాడు. అవతలివాడికి ఎంత నష్టమో ఒక్కరూ అడగలేదు. అప్పట్లో మాకు ఇంజనీర్లు లేరు, పటాలు లేవు. తప్పు చేశాం, ఒక పల్లె తిండి పోగొట్టాం. అయినా మత్తడి మీద మన్ను పెట్టేముందు అవతలి ఊరివాడి ముఖం చూడాల్సి వచ్చేది. ఇప్పుడు పటం చూస్తే చాలు. ఏది మేలో చెప్పే ఓపిక నాకు లేదు.

నా పేరు పిలిచారు. రఘు నన్ను చెయ్యి పట్టి లేపి మైకు ముందు నిలబెట్టాడు. ఆ అధికారి మంచివాడే, లేచి నిలబడి అడిగాడు. "పెద్దమ్మా, మీ చిన్నతనంలో నీళ్లు ఈ వెంచర్ దాకా ఎప్పుడైనా వచ్చాయా?"

రఘు చెయ్యి నా భుజం మీద ఉంది. "వచ్చినయి," అన్నాను. "మా మామ పాతర దాక వచ్చినయి." ఆ చెయ్యి బిగుసుకుంది.

"అంటే అప్పటి మట్టం అదేనన్నమాట," అన్నాడు అధికారి, గుమాస్తా వైపు చూస్తూ.

"కాదు. అది మా తప్పు. ఆ ఏడాది మెట్ల లెక్క తప్పింది. మా అమ్మకు ఎరుకే, నాకు ఎరుకే. ఇద్దరం చెప్పలే."

జనంలో ఎవరో నవ్వారు. గుమాస్తా కలం ఆపి, "సార్, వచ్చినయని రాయాల్నా, రాలేదని రాయాల్నా?" అని అడిగాడు. వెనక ఇంకా చాలామంది వరసలో ఉన్నారు. చివరికి అతను ఒక్క వాక్యం రాసి కాగితం నా ముందుకు తోశాడు. చిన్నతనంలో నీళ్లు వచ్చినట్టు ఈమె చెప్పారు, అంతే. కింద సంతకానికి చోటు. కలం పట్టుకున్నాను. నన్నే చూస్తున్నారు అందరూ. మట్టిముద్ద పట్టుకున్నప్పుడు అమ్మకు ఎట్లా ఉండిందో అప్పుడు తెలిసింది.

సంతకం పెట్టేముందు ఆ వాక్యం కింద ఖాళీలో నా చేత్తో ఇంకో మాట రాశాను. 'పై మెట్టు లెక్కలోకి రాదు.' గుమాస్తా చదివి, ఇదేమిటన్నట్టు చూసి, మిగతా కాగితాల కింద పెట్టుకున్నాడు. ఇంటికి వచ్చేదారిలో కారు రఘు నడిపాడు, కట్ట దిగేదాకా దారి మీదనే వాడి చూపు. "రాలేదు అంటె అయిపోయేది గద నానమ్మా," అన్నాడు చివరికి. వాడి బాధ నాకు తెలుసు. నిజంగా తెలుసు. కిటికీలోంచి నీళ్ల వైపు చూశాను. మెట్లు ఎక్కడ ఉన్నాయో కనిపించలేదు. నాలుగు మాటలు, అంతే గదా. వాటిని చెప్పడానికి మా అమ్మకు బతుకు చాలలేదు, నాకు తొంభై ఏండ్లు పట్టింది.